చెట్టులోంచి పట్టికలోకి

డేటా ఇంటిగ్రేషన్ పనిలో ఉన్నవాళ్ల దగ్గర ఎక్స్‌ఎంఎల్ మాటెత్తితే ఎక్కువమంది మొహం ముడుచుకుంటారు. సీఎస్‌వీ అయితే కామాల దగ్గర కోసేసుకోవచ్చు, జేసన్ కాస్త క్లుప్తంగా ఉంటుంది. ఇదేమో ట్యాగుల మీద ట్యాగులు, నాలుగంకెల విలువ చుట్టూ నలభై అక్షరాల హంగామా. ఆ చిరాకులో న్యాయం లేకపోలేదు. అయినా ప్రతి రాత్రీ బ్యాంకు నుంచో, సరఫరాదారు నుంచో, ప్రభుత్వ పోర్టల్ నుంచో ఆ ఫైలు వచ్చి పడుతూనే ఉంటుంది. తెల్లారేసరికి అందులోని విలువలు డేటాబేసు పట్టికలో వరుసలుగా కూర్చోవాలి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో ఇన్ఫర్మాటికా నేర్చుకున్నవాళ్లూ, టాలెండ్ మీద ప్రాజెక్టులు చేసినవాళ్లూ, పోస్ట్‌గ్రెస్‌లో నేరుగా క్వెరీ రాసుకునేవాళ్లూ వాడే స్క్రీన్లు వేరు. అడుగున ఉన్న విద్య మాత్రం ఒకటే. అందులో కష్టమైనది ఫైల్లోని విలువకి దారి చెప్పే పాత్ రాయడం అని కొత్తవాళ్లు అనుకుంటారు. పాత్ వారంలో వచ్చేస్తుంది. పట్టికలో ఒక వరుస అంటే ఫైల్లో ఏది, అన్నది తేల్చుకోవడమే అసలు కష్టం.

ఎక్స్‌ఎంఎల్ 1.0ని డబ్ల్యూ3సీ 1998 ఫిబ్రవరి 10న సిఫార్సుగా ప్రకటించింది. 1986 నాటి ఎస్‌జీఎంఎల్ అనే బరువైన ప్రమాణంలోంచి వెబ్‌కి కావలసినంత మటుకు ఏరి తీసుకుంటే ఇది తయారైంది. ట్యాగులో ట్యాగుగా అల్లుకున్న ఈ చెట్టులో కావలసిన చోటికి దారి రాసే భాషగా మరుసటి ఏడాది నవంబరు 16న ఎక్స్‌పాత్ 1.0 వచ్చింది. దాని సంపాదకులు జేమ్స్ క్లార్క్, స్టీవ్ డిరోజ్. తర్వాత 2007లో రెండో వెర్షన్, 2017లో 3.1 వచ్చినా, లోకంలో సగం సాఫ్ట్‌వేర్ ఆనుకుని ఉన్న లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 అనే లైబ్రరీ ఇప్పటికీ 1.0 దగ్గరే ఆగింది. పైథాన్‌లో ఎల్‌ఎక్స్‌ఎంఎల్ వాడినా, పోస్ట్‌గ్రెస్ వాడినా మీ చేతికి వచ్చేది 1999 నాటి భాషే. చిన్న భాష కాబట్టి బతికింది అనుకుంటాను.

ఒక ఫైలు ముందు పెట్టుకుంటే గానీ ఈ సంగతులు తేలవు. బ్యాంకులు కంపెనీలకి పంపే రోజువారీ స్టేట్‌మెంటు తీసుకుందాం. ఐఎస్‌ఓ 20022 ప్రమాణంలో దాని పేరు క్యామ్ట్.053. అసలు ఫైల్లో ట్యాగులు ఇంగ్లీషు పొట్టి పేర్లతో ఉంటాయి. ఇక్కడ తెలుగు పేర్లు పెట్టి, చాలా కుదించి చూపిస్తాను. ఎక్స్‌ఎంఎల్ పుట్టుకతోనే యూనికోడ్‌ని ఒప్పుకుంది కనుక ట్యాగు తెలుగులో ఉన్నా ఏ పార్సరూ అభ్యంతరం చెప్పదు. (ఒక్క మెలిక ఉంది. పొల్లు తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా మనం పెట్టుకునే కనపడని అక్షరానికి 2008 నాటి ఐదో కూర్పు దాకా ట్యాగు పేర్లలో చోటు లేదు. పాత పార్సర్లు దాన్ని చూస్తే ఫైలునే తిప్పికొడతాయి.)

<ఖాతా>
  <నెంబరు>0041780</నెంబరు>
  <పద్దు>
    <మొత్తం కరెన్సీ="రూపాయి">75000.00</మొత్తం>
    <వైపు>ఖర్చు</వైపు>
    <తేదీ>2024-03-30</తేదీ>
    <వివరం><పేరు>సరళ</పేరు><భాగం>30000.00</భాగం></వివరం>
    <వివరం><పేరు>యాకూబ్</పేరు><భాగం>25000.00</భాగం></వివరం>
    <వివరం><పేరు>నర్సయ్య</పేరు><భాగం>20000.00</భాగం></వివరం>
  </పద్దు>
</ఖాతా>

ఒక కంపెనీ ముగ్గురికి జీతాలు ఒకే బ్యాచ్‌గా పంపింది. బ్యాంకు ఖాతాలోంచి ఒకేసారి 75,000 తీసింది. ఒక పద్దు, మూడు వివరాలు. వరుసగా దేన్ని తీసుకుంటారు?

పద్దునే వరుస అనుకుంటే లూప్ పాత్ //ఖాతా/పద్దు అవుతుంది. మిగతా కాలమ్‌లన్నీ ఆ పద్దు దగ్గర నిలబడి రాసే చిన్న దారులు: మొత్తం, మొత్తం/@కరెన్సీ, వైపు, తేదీ. ఖాతా నెంబరు పద్దు లోపల లేదు, కాబట్టి ఒక మెట్టు పైకెక్కి ../నెంబరు అని రాయాలి. టాలెండ్‌లో, పెంటాహోలో దీన్ని లూప్ ఎక్స్‌పాత్ అంటారు. స్పార్క్‌లో రో ట్యాగ్. పోస్ట్‌గ్రెస్ 2017లో పదో వెర్షన్‌తో తెచ్చిన ఎక్స్‌ఎంఎల్‌టేబుల్‌లో వరుసకి ఒక పాత్, కాలమ్‌కి ఒక్కో పాత్. ఎక్కడ చూసినా పెద్ద దారి ఒకటి, దాని కింద చిన్న దారులు కొన్ని.

ఎవరెవరికి ఎంత వెళ్లిందో కావాలంటే లూప్ ఒక మెట్టు దిగి //ఖాతా/పద్దు/వివరం అవ్వాలి. ఇక్కడే పెద్ద గొయ్యి. తేదీ, వైపు పైనుంచి తెచ్చుకున్నట్టే ../మొత్తం కూడా తెచ్చుకుంటే మూడు వరుసల్లోనూ 75,000 పడుతుంది. రిపోర్టు తయారుచేసే మనిషి పాపం ఆ కాలమ్‌ని కూడేస్తాడు. జీతాల ఖర్చు 2,25,000 అని తేలుతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క హెచ్చరిక ఉండదు, జాబ్ పక్కన పచ్చ టిక్ పడుతుంది. నా మటుకు నేను ఇలాంటి ఫైలుకి ఒక పట్టిక చాలదంటాను. పద్దులకి ఒకటి, వివరాలకి ఒకటి, రెంటినీ కలిపే కీ ఒకటి ఉండాలి. ఎస్‌ఎస్‌ఐఎస్‌లోని ఎక్స్‌ఎంఎల్ సోర్స్ స్కీమాని చూసి వేరువేరు అవుట్‌పుట్లు ఇస్తుంటే విసుక్కునేవాళ్లు ఉన్నారు. ఆ విసుగు అన్యాయం. ఒకదాని కింద అనేకం ఉన్నప్పుడు చదును చేసి ఒకే పట్టికలో పోయమనడం మనం ఆడుతున్న అబద్ధం. టూల్ దానికి ఒప్పుకోవడం లేదంతే.

లూప్ పెట్టకుండా దొడ్డిదారి పట్టేవాళ్లూ ఉంటారు. పేర్లన్నీ ఒక లిస్టుగా, భాగాలన్నీ ఇంకో లిస్టుగా తీసి, మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది జత కడతారు. అన్ని రికార్డుల్లో అన్ని ట్యాగులూ ఉన్నంతకాలం బండి నడుస్తుంది. ఒక్క యాకూబ్ పేరు ట్యాగు లేకుండా వచ్చిందా, నర్సయ్య యాకూబ్ జీతానికి ఎదురుగా వెళ్లి కూర్చుంటాడు, ఆ కింది వాళ్లంతా ఒక్కో గడి పైకి జరుగుతారు.

రెండు గీతల దారి గురించి కూడా చెప్పాలి. ముందు // పెడితే చెట్టు మొత్తం వెతుకుతుంది. లూప్ లోపలి కాలమ్‌కి //మొత్తం అని రాస్తే ఆ పద్దులోని మొత్తం రాదు, ఫైల్లోని మొత్తాలన్నీ వస్తాయి. చాలా టూల్స్ అందులో మొదటిది తీసుకుని ప్రతి వరుసలోనూ అదే నింపుతాయి. ముందొక చుక్క పెట్టి .//మొత్తం అంటే సరిపోతుంది. అలాగే //వివరం[1] అంటే ఫైల్లో మొదటి వివరం అనుకుంటారు. కాదు, ప్రతి పద్దులోని మొదటి వివరం. ఫైలు మొత్తమ్మీద ఒక్కటే కావాలంటే (//వివరం)[1] అని బ్రాకెట్లు వేయాలి. ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న అడగడం నాకు ఇష్టం ఉండదు గానీ, కోడ్ రివ్యూలో మొదట వెతికేది ఇదే.

ఇక నేమ్‌స్పేస్. ఈ పనిలో అందరి జుట్టూ నెరిసేది దీనివల్లే. వేరువేరు సంస్థలు ఒకే పేరుతో ట్యాగులు పెట్టుకున్నా గందరగోళం రాకుండా 1999 జనవరిలో ఈ ఏర్పాటు తెచ్చారు. ఫైలు మొదట్లో ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ అని ఒక పొడవాటి గుర్తు ఉంటుంది. దాని కింది ట్యాగులన్నీ ఆ ఇంటిపేరు మోస్తాయి, పైకి మాత్రం కనపడదు. మీరు ఎక్స్‌పాత్‌లో ఉత్తినే పద్దు అని రాస్తే ఏ ఇంటిపేరూ లేని పద్దు కోసం వెతుకుతుంది. ఫైల్లో అలాంటిది ఒక్కటీ ఉండదు. ఫలితం సున్నా వరుసలు, మళ్లీ పచ్చ టిక్. కళ్లెదుటే ట్యాగు కనిపిస్తుంటే పాత్ ఎందుకు పట్టుకోవడం లేదని పూటంతా తల బాదుకున్నవాళ్లు ప్రతి టీములోనూ దొరుకుతారు. సరైన మార్గం ఒక పొట్టి ప్రిఫిక్స్ ఎంచుకుని టూల్‌కి ఆ పూర్తి గుర్తుతో జత చెప్పడం. ఆ ప్రిఫిక్స్ ఫైల్లో ఉన్నదే కానక్కర్లేదు, గుర్తు కలిస్తే చాలు.

తొందరలో ఉన్నవాళ్లు లోకల్-నేమ్ అనే ఫంక్షన్‌తో ఇంటిపేరు వదిలేసి ఉత్త పేరు చూసి పట్టుకుంటారు. దీన్ని తప్పు అనలేను. క్యామ్ట్.053 గుర్తు చివర్లో వెర్షన్ ఉంటుంది: కొన్ని బ్యాంకులు 001.02 పంపితే కొన్ని 001.08 పంపుతాయి. వెర్షన్ మారితే నేమ్‌స్పేస్ మారినట్టే, నిన్నటిదాకా నడిచిన పాత్‌లన్నీ ఈ రాత్రికి ఖాళీ. లోకల్-నేమ్ రాసుకున్నవాడి జాబ్ ఆ రాత్రీ నడుస్తుంది. కానీ కొత్త వెర్షన్లో ఏదైనా ట్యాగు ఒక మెట్టు లోపలికి జరిగి ఉంటే ఆ ఒక్క కాలమ్ నిశ్శబ్దంగా ఖాళీ అయిపోతుంది. అన్నీ ఆగిపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఒక్క కాలమ్ పోతే మూడు నెలల తర్వాత ఆడిటర్ చెప్పాలి. రోజూ వచ్చే బ్యాంకు ఫైళ్లకి ప్రిఫిక్స్, ఒక్కసారి తవ్వి పారేసే పనికి లోకల్-నేమ్ అన్నది నా లెక్క.

దారి దొరికాక చేతికొచ్చేది అక్షరాలే, సంఖ్య ఇంకా కాదు. ఖాతా నెంబరుని సంఖ్యగా మారిస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఎక్స్‌పాత్ 1.0లో సంఖ్యలన్నీ డబుల్ రకమే కాబట్టి పైసల లెక్కకి దాన్ని నమ్ముకోకుండా అక్షరాలుగానే తీసుకుని డేటాబేసులో డెసిమల్‌గా మార్చుకోవడం మేలు. ఎవరైనా మన పద్ధతిలో 1,25,000 అని కామాలతో రాసి పంపారా, ఎక్స్‌పాత్ దాన్ని అసలు సంఖ్యగానే ఒప్పుకోదు. ఇక ట్యాగే లేకపోవడం, ట్యాగు ఉండి లోపల ఏమీ లేకపోవడం, సున్నా అని ఉండటం మూడు వేరు సంగతులు. ఎక్స్‌పాత్‌ని అక్షరాలుగా అడిగితే మొదటి రెండింటికీ ఖాళీ అనే ఒకే జవాబు ఇస్తుంది. తేడా ముఖ్యమైతే ట్యాగు ఉందో లేదో విడిగా అడగాలి. మైనస్ గుర్తు సంగతీ అంతే. ట్యాలీ ఎక్స్‌ఎంఎల్‌లో డెబిట్ మొత్తాలకి మైనస్ ఉంటుంది. క్యామ్ట్‌లో మొత్తానికి గుర్తే ఉండదు, జమా ఖర్చా అన్నది పక్క ట్యాగు చెబుతుంది. రెండు ఫైళ్లూ ఒకే పట్టికలోకి వస్తుంటే ఎవరో ఒకరు ఇది ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. తేదీల్లో యూటీసీ ఉందేమో కూడా చూసుకోవాలి. మార్చి 31 రాత్రి 11:45 యూటీసీ అంటే మనకి ఏప్రిల్ 1 పొద్దున 5:15. ఆ పద్దు ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది.

పెద్ద ఫైళ్లతో వచ్చే తలనొప్పి వేరు. చెట్టునంతా మెమరీలో నిలబెట్టుకునే డామ్ పద్ధతిలో ఎక్స్‌పాత్ హాయిగా అటూ ఇటూ తిరుగుతుంది. కానీ ఆ చెట్టుకి ఫైలు సైజు కన్నా ఎన్నో రెట్లు మెమరీ కావాలి. ఒక్కో ట్యాగునీ వచ్చింది వచ్చినట్టు చదివి వదిలేసే శాక్స్, స్టాక్స్ పద్ధతుల్లో మెమరీ సమస్య లేదు, వెనక్కి చూసే వీలూ లేదు. మధ్యేమార్గం అందరికీ తెలిసిందే: స్ట్రీమ్‌లో ఒక పద్దు మొదలై ముగిసేదాకా పట్టుకుని, ఆ చిన్న కొమ్మ మీద ఎక్స్‌పాత్ నడిపి, పారేసి, తర్వాతిదానికి వెళ్లడం. ఖాతా నెంబరు లాంటి పై విలువలు ముందే గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే అప్పటికి పైన ఏమీ మిగలదు.

భద్రత సంగతీ ఒకటుంది. బయటినుంచి వచ్చే ఫైళ్లకి డీటీడీ, ఎక్స్‌టర్నల్ ఎంటిటీలు (ఫైల్లోనే పదాలకి నిర్వచనాలు ఇచ్చుకునే, బయటి ఫైళ్లని రప్పించుకునే సదుపాయాలు) పార్సర్‌లో ఆపేయాలి. అవి ఉంటే ఫైలు పంపినవాడు మీ సర్వర్‌లోని వేరే ఫైలు చదవమని అడగొచ్చు. బిలియన్ లాఫ్స్ అని పేరుపడిన దాడిలో ఒక కిలోబైటు కూడా లేని ఫైలు ఒక పదాన్ని పదింతలు, దాన్ని మళ్లీ పదింతలు చేసుకుంటూ వంద కోట్ల పదాలై మెమరీ మింగేస్తుంది.

ఇన్ని గొడవలున్న ఫార్మాట్ ఇంకా ఎందుకు అంటే, డబ్బు, గుర్తింపు ఉన్నచోట ఇద్దరి మధ్య ఒప్పందం రాతలో ఉండాలి కాబట్టి. ఫైల్లో ఏ ట్యాగు తప్పనిసరి, ఏది ఎన్నిసార్లు రావచ్చు, ఏ విలువ ఏ రకం అన్నది స్కీమాలో ముందే రాసి ఉంటుంది. మన ఫోన్లో యూపీఐ చెల్లింపు జరుగుతున్నప్పుడు బ్యాంకులకీ ఎన్‌పీసీఐకీ మధ్య తిరిగేవి ఎక్స్‌ఎంఎల్ సందేశాలే. దేశాల మధ్య చెల్లింపుల్లో స్విఫ్ట్ 2023 మార్చిలో ఐఎస్‌ఓ 20022కి మారడం మొదలుపెట్టింది. పాత ఎంటీ చెల్లింపు సందేశాలతో కలిసి నడిచే గడువు 2025 నవంబరులో ముగిసింది. ఆధార్ ఆఫ్‌లైన్ ఈకేవైసీ కూడా యూఐడీఏఐ డిజిటల్ సంతకం ఉన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలే. అక్కడ ముందు సంతకం సరిచూడాలి, ఆ తర్వాతే పేరూ పుట్టిన తేదీ తీసుకోవాలి. మధ్యలో ఎవరైనా ఫైలు తెరిచి ఒక విలువ దిద్ది సేవ్ చేస్తే సంతకం చెల్లదు.

పైన చెప్పిన తప్పుల్లో చాలావాటిని పట్టే పరీక్ష ఫైల్లోనే ఉంది. క్యామ్ట్ స్టేట్‌మెంటులో పద్దులతో పాటు ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ కూడా ఉంటాయి. ప్రారంభ నిల్వకి జమలు కలిపి, ఖర్చులు తీసేస్తే ముగింపు నిల్వ రావాలి. ఒకే ఫైల్లో చాలా ఖాతాలు ఉండొచ్చు కనుక ఈ లెక్క ఖాతా ఖాతాకీ విడిగా చేయాలి. పైన చెప్పిన 2,25,000, తిరగబడిన మైనస్ గుర్తు, కామాల వల్ల పోయిన మొత్తం అన్నీ ఈ ఒక్క తీసివేతలో బయటపడతాయి. తేదీ తప్పు, పక్కవాడి జీతానికి జతపడిన పేరు, నేమ్‌స్పేస్ కలవక ఒక్క ఖాతా కూడా దొరకని ఫైలు లాంటివి మాత్రం జారిపోతాయి, వాటికి వేరే పరీక్షలు కావాలి. వర్క్‌ఫ్లోలో ఈ మెట్టుని పట్టికలోకి రాయడానికి ముందు పెట్టాలి. లెక్క కుదరని ఖాతాని పక్కన పెట్టి, ఎంత తేడా వచ్చిందో రాసి మెయిల్ పంపి, మిగతావాటిని ముందుకు పోనివ్వాలి.