అయిదు చుక్కల వెడల్పు దారి

సంక్రాంతి పండగ ముగింపులో ఇంటిముందు రథం ముగ్గు వేసి, ఆ రథం తాడును గీతగా పొరుగింటి ముగ్గుదాకా లాగడం మన ఊళ్లలో ఆనవాయితీ. ఆ ఇంటివాళ్లు తమ తాడును మరో ఇంటికి కలుపుతారు. అలా వీధి వీధంతా ఒకే గీతకు చేరుతుంది. నడకదారులను, సైకిల్ దారులను అక్కడుండే జనం, బడిపిల్లలే అలంకరించుకోవాలన్న ఆలోచన ఇప్పుడు చాలా నగరాల్లో వినిపిస్తోంది. మన దగ్గర మాత్రం అలంకరణ అంటే కాంట్రాక్టరుతో గోడలకు బొమ్మలు వేయించడంగానే మిగులుతోంది. ఆ పనికి అంతకన్నా తగిన పద్ధతి ముగ్గులోనే ఉంది.

ముగ్గు వేసే తీరు గమనిస్తే, అది పదిమంది చేతులు పడటానికి అనువైన విద్య అని తెలుస్తుంది. ముందు నేల ఊడ్చి కళ్ళాపి చల్లుతారు. తడికి దుమ్ము అణిగి పిండి నిలుస్తుంది. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి జారవిడుస్తారు. వేళ్లు నేలను తాకవు. చేయి నెమ్మదిస్తే గీత లావవుతుంది, ఆగితే కుప్పపడుతుంది. అసలు బలం చుక్కల్లో ఉంది. ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు’ అని పత్రికల్లో అచ్చయ్యే ఆ ఒక్క ముక్కతో శ్రీకాకుళంలోనైనా ఆదిలాబాద్‌లోనైనా అదే చట్రం నేలమీద పడుతుంది. బొమ్మ గీయడం రానివాళ్లు కూడా చుక్కలు పెట్టగలరు. అందుకే ఈ పనికి పెద్ద చిత్రకారుడు అక్కర్లేదు.

పిల్లలకు ఇందులో అందచందాలను మించినది దొరుకుతుంది. సాదా మెలికల ముగ్గులో గీత చుక్కల సందుల్లో ఏటవాలుగా సాగి, అంచుకు రాగానే చుక్కను చుట్టి వెనక్కి మళ్లుతుంది. 4 వరుసల్లో నాలుగేసి చుక్కలు పెడితే 4 విడి గీతలు కావాలి. 3 వరుసల్లో నాలుగేసి పెడితే ఒక్క గీతే అన్ని చుక్కలనూ చుట్టి బయలుదేరిన చోటికి వస్తుంది. ఎన్ని గీతలు పడతాయో ఆ రెండు అంకెల గ.సా.భా. చెబుతుంది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, ఆయన సహ పరిశోధకులు 1970లలోనే తమిళుల ముగ్గులైన కోలాలను గణిత దృష్టితో పరిశీలించారు. ఇదే లెక్కను దారికి వర్తింపజేయండి. వెడల్పున 5 చుక్కలు, పొడవునా 100 వరుసలు పెడితే 5 గీతలొస్తాయి. ఇంకొక్క వరుస చేరిస్తే మొత్తం ఒకే గీత. చుక్కకూ చుక్కకూ జానెడు ఎడం ఉంటే అది సుమారు 75 అడుగుల దారి. పిల్లలు తలా కాస్త గీసి పిండి డబ్బా పక్కవాళ్లకు అందించాలి. ఎవరు ఎక్కడ చుక్క తప్పినా గీత అనుకున్న చోటికి రాదు. తప్పెక్కడుందో అందరూ కలిసి వెతకాల్సిందే.

‘ముందు గుంతలు పూడ్చండి, రంగుల సంగతి తర్వాత’ అనేవాళ్ల మాటలో న్యాయం ఉంది. పగిలిన ఫుట్‌పాత్‌కు ముగ్గు మందు కాదు. కానీ చుక్కలు పెట్టడానికి వంగి అంగుళం అంగుళం చూసినప్పుడే విరిగిన కాలువ పలకలు, దారి మధ్యలో నిలిపిన బళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మలు లెక్కకొస్తాయి. చుక్క పడని ప్రతి చోటూ మున్సిపాలిటీకి రాయాల్సిన ఒక ఫిర్యాదే. హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు. అలాంటిది ప్రతి కాలనీకీ రాదు. ఉన్న దారిని కనిపెట్టుకుని ఉండేది చుట్టుపక్కలవాళ్లే. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1996లో ఒక పేటవాసులు తమ కూడలికి తామే రంగులు వేస్తే మొదట అధికారులు అడ్డుచెప్పారు, తర్వాత వాళ్లే అనుమతులకు దారి చేశారు. ఆ దేశంలోనే రంగులు వేసిన 17 చోట్ల పరిస్థితిని పోల్చి, బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రపీస్ 2022లో ఒక అధ్యయనం వెలువరించింది. పాదచారులు, సైకిలిస్టుల వంటివారికి జరిగే ప్రమాదాల రేటు 50 శాతం తగ్గిందని తేల్చింది. అవి రంగు వేసిన రోడ్లు, మనది పిండి ముగ్గు. ఆ అంకెను యథాతథంగా ఇక్కడికి తేలేం. అయినా దారికి మనుషుల గుర్తు ఉంటే బండి నడిపేవాడు చూసుకుని వెళతాడన్న ఆశకు ఆధారం మాత్రం ఉంది.

వర్షానికి ముగ్గు పోతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. పోవడమే మేలు. వెలిసిన గోడబొమ్మను మళ్లీ ఎవరూ పట్టించుకోరు, చెరిగిన ముగ్గు మళ్లీ వేయమని పిలుస్తుంది. జారుడు భయం మాత్రం నిజమైనది. సైకిళ్లు తిరిగే మధ్యభాగాన్ని వదిలి అంచుల్లోనే ముగ్గు వేయాలి, జారే రంగుల జోలికి పోకూడదు. ఇంకా ముఖ్యమైన మాట ఒకటుంది. తరతరాలుగా తెల్లవారుజామున ఈ చాకిరీ అంతా ఆడవాళ్లదే. మగపిల్లలు, తండ్రులు చీపురు, పిండి పట్టకుండా దీన్ని అందరి పని అనడం అన్యాయం. అలాగే దారి అన్ని మతాలవాళ్లదీ కాబట్టి దేవతల గుర్తులు వద్దు, చుక్కల మెలికలు చాలు.

నెలగంట పెట్టేలోగా కాలనీ సంఘాలు, ప్రధానోపాధ్యాయులు ఒకసారి కూర్చుని బడి గేటుకు ఆనుకున్న దారిని ఎంచుకోండి. కావలసినవి చీపుర్లు, ముగ్గుపిండి, వరుసలు తిన్నగా రావడానికి పొడవాటి తాడు, రెండు గంటలు బళ్లు ఆపడానికి ట్రాఫిక్ పోలీసుల అనుమతి.