బోరు నీళ్లలో వెండి

మొన్న ప్రాక్టికల్స్‌లో ఒక కుర్రాడు క్లోరైడ్ లేని లవణంలో క్లోరైడ్ కనిపెట్టాడు. సిల్వర్ నైట్రేట్ చుక్క పడగానే పరీక్షనాళికలో పాలు విరిగినట్టు తెల్లటి అవక్షేపం. "తేలిపోయింది సార్" అన్నాడు. తేలింది మా పామర్రు బోరు నీళ్లు. నాళికను వాటితో కడిగాడు, స్వేదన జలంతో తొలవడం మరిచాడు. ఈ దిగువ డెల్టాలో చాలా బోర్లు ఉప్పన. తాగడానికి కాలవనో చెరువునో నమ్ముకున్నది అందుకే.

ఆ తప్పునే లెక్క చేసి మర్నాడు బోర్డు మీద పెట్టాను. సిల్వర్ క్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం 25 డిగ్రీల దగ్గర 1.8×10⁻¹⁰. వట్టి నీళ్లలో అయితే దాని వర్గమూలమే జవాబు: లీటరుకు 1.34×10⁻⁵ మోల్, అంటే 1.9 మిల్లీగ్రాములు. మరి లీటరుకు 355 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉన్న బోరు నీళ్లలో? ఆ క్లోరైడ్ 0.01 మోలార్. కరిగేది ఎక్స్ అనుకుంటే, ఎక్స్‌ను 0.01 + ఎక్స్‌తో హెచ్చవేస్తే లబ్ధం రావాలి. కుర్రాడు వర్గ సమీకరణానికి దిగబోయాడు.

"ఒరేయ్, చెరువులో చెంబెడు నీళ్లు పోసి మట్టం కొలుస్తావా? కూడికలో ఉన్న ఎక్స్‌ని వదిలెయ్."

1.8×10⁻⁸ వచ్చింది. కాగితం మీద కరుగుదల సుమారు 750 రెట్లు పడిపోయింది. ఉమ్మడి అయాన్ ప్రభావం అంటే ఇదే. 1889లో నెర్న్‌స్ట్ చెప్పింది.

నాకు ఈ లెక్కలో ముచ్చటైనది ఆ వదిలేయడమే. చిక్కల్లా, చేయి అలవాటుపడితే వెనక్కి చూసుకోం. చౌడు నేలకు చల్లే జిప్సం సంగతి చూడండి. లబ్ధం 2.4×10⁻⁵. సల్ఫేట్ 0.01 మోలార్ ఉన్న నీళ్లలో ఎక్స్‌ని వదిలేస్తే 0.0024, వదలకపోతే 0.0020. వదిలేసింది చెంబు కాదు, చెరువులో అయిదో వంతు! ఏళ్లపాటు నేనూ ఇలాగే వదిలేసి పూర్తి మార్కులు వేసుకున్నవాణ్ణే.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, "బందరు సముద్రపు నీళ్లలో వెండి ఇంకా తక్కువ కరగాలి కదా సార్?" అంది.

లీటరుకు దాదాపు 19 గ్రాముల క్లోరైడ్ మరి. మన సూత్రం ప్రకారం తగ్గాలి. కానీ అంత క్లోరైడ్ ఉంటే రెండేసి మూడేసి కలిసి ఒక్కో వెండి అయాన్‌ను చుట్టేసుకుని నీళ్లలోకి లాక్కుపోతాయి. వట్టి నీళ్లకంటే ఎక్కువే కరుగుతుంది. మంగినపూడి ఒడ్డున మన లెక్క బోర్లా పడుతుందన్నమాట.

"మరి పరీక్షలో ఏం రాయమంటారు సార్?"