మాటు, కట్టు, కిటుకు: ఉద్దానం తీరంలో ఉపాయం

చేతికందిన వస్తువుతో అప్పటికి పని జరుపుకోవడాన్ని హిందీ నుంచి వచ్చిన ‘జుగాడ్’ అనే మాటతో చెప్పడం ఇటీవల పత్రికలకు అలవాటైంది గాని, తెలుగు విడివిడిగా గుర్తించిన పనులెన్నో ఆ ఒక్క మాట కింద కలిసిపోతాయి. చిల్లుపడిన బిందెకు వేసేది మాటు, బీటువారిన కర్రను తాడుతో బిగించేది కట్టు, ఏ చోట పట్టుకుంటే పని తెములుతుందో తెలిసి ఉండటం కిటుకు. ఏది ఎప్పుడు కావాలో ఎంచుకునే బుద్ధికి ఉపాయమని పేరు.

పలాస, టెక్కలి ప్రాంతాలకు ఆనుకొని, వజ్రపుకొత్తూరు నుంచి మందస, సోంపేట, కవిటి మీదుగా సాగే ఉద్దానంలో ఈ ఉపాయానికి ముడిసరుకు ముఖ్యంగా కొబ్బరి చెట్టే. దాని ఆకు దడి, ఈనె చీపురు, చిప్ప గరిటె అవుతాయి. అన్నిటికంటే ఘనమైనది పీచు. ఉప్పునీటికి త్వరగా కుళ్లని ఈ పీచుతో పేనిన తాడే కోరమాండల్ తీరమంతటా పాత పడవలను కలిపి ఉంచింది. పలకల అంచుల్లో రంధ్రాలు చేసి, కీలు వెంబడి గడ్డినో పీచునో ఒత్తుగా పరచి, దాని మీదుగా తాడుతో కుట్టిన ఆ పడవలను ఇంగ్లీషు రికార్డులు ‘మసులా’ అన్నాయి. మేకు దొరకక కుట్టారనుకుంటే పొరపాటే, ఎందుకంటే ఒడ్డున విరిగిపడే కెరటాల దెబ్బకు మేకులు కొట్టిన బిగువైన పడవ పగులుతుంది, కుట్టుపడవ మాత్రం కాస్త వంగి ఆ దెబ్బను ఓర్చుకుంటుంది. దుంగలను తాడుతో కట్టిన తెప్పదీ ఇదే తీరు: ఒడ్డుకు చేరాక కట్లు విప్పి దుంగలను ఎండబెడితే అవి నీరు తాగి బరువెక్కవు. విప్పడానికి వీలుగా కట్టడమే ఇక్కడి కిటుకు.

చేతికందినవాటినే కలిపి పని జరుపుకునే ఈ గుణం భాషలోనూ ఉంది. పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టుకు తెలుగువారు కొత్త పేరు వెతకలేదు. చాకళ్లు బట్టలకు చెరగని గుర్తులు పెట్టే నల్లజీడిని, పెరటి మామిడిని కలిపి ‘జీడిమామిడి’ అన్నారు. ఆ మూడూ ఒకే కుటుంబానికి చెందినవని వృక్షశాస్త్రం చెబుతుంది కనుక, ఆ అతుకు సరైన చోటే పడింది.

అయితే ఉపాయాన్ని పొగడటానికీ ఒక హద్దుంది. పలాస జీడి పరిశ్రమలో పిక్క పైపెంకు నుంచి ఊరే నూనె చర్మాన్ని కాలుస్తుంది. పిక్కలు ఒలిచేవారు చేతులకు బూడిదో ఆముదమో రాసుకోవడం తెలివైన పనే, కాని దానిని చూసి ముచ్చటపడటం తొడుగులు ఇవ్వవలసినవారికి మాత్రమే అనుకూలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి తోటలను నేలకూల్చినప్పుడు ఈ హద్దు మరింత స్పష్టమైంది. కూలిన కొబ్బరి మానును కాలువకు అడ్డంగా వేస్తే వంతెన అవుతుంది, దాని ఆకులు నాలుగు నెలలు కప్పుగా పనికొస్తాయి. కొత్త మొక్క కాపుకు రావడానికి మాత్రం ఐదారేళ్లు పడుతుంది, అన్నాళ్లు రైతు ఇల్లు గడిచే దారి ఆ తోటలో దొరికేది కాదు.