సెలవులకొచ్చిన మరదలు

చిన్నప్పుడు కలిసి ఆడుకున్నవాళ్లు పెద్దయ్యాక ప్రేమలో పడటం ఏ దేశపు నవలకైనా పాత సరుకే. మధ్యలో వాళ్లను విడదీసింది ఎవరన్నదే చూడాలి. కెనడా రచయిత్రి కార్లీ ఫార్చ్యూన్ 2022లో తెచ్చిన ‘ఎవ్రీ సమ్మర్ ఆఫ్టర్’లో పెర్సీ, శామ్ సరస్సు ఒడ్డున ఆరు వేసవులు కలిసి గడుపుతారు, ఆ తర్వాత పెర్సీ చేసిన తప్పుకు ఏళ్లపాటు దూరమవుతారు. తెలుగు నవలలో తప్పు చేసే అవకాశం పిల్లలదాకా రానివ్వరు, పెద్దవాళ్లే చేసేస్తారు. పొలం తగాదా, పెళ్లిలో మర్యాద తక్కువైందన్న అలక, పట్నం కాపురపు బడాయి... ఏదో ఒకటి చాలు, రెండిళ్ల మధ్య రాకపోకలు బంద్.

రచయితకు ఇక్కడ కలిసొచ్చేది బావామరదళ్ల వరస. ఫార్చ్యూన్ గతాన్నీ వర్తమానాన్నీ మార్చి మార్చి నడుపుతూ ఆ ఇద్దరి చనువును ఓపిగ్గా కట్టుకురావాల్సి వచ్చింది. మన రచయిత్రి మరదల్ని బస్సు దింపి, మేనత్త చేత ‘ఎంతెదిగావే!’ అనిపిస్తే సగం గతం చెప్పినట్టే. ఉయ్యాల్లో ఉండగానే ‘మా కోడలు’ అన్న వేళాకోళం, మామిడితోటలో దెబ్బలాటలు పాఠకురాలే నింపుకుంటుంది. ఆమెకూ ఎక్కడో ఒక బావ ఉండే ఉంటాడు.

కృష్ణా జిల్లా కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి ‘మీనా’లో ఈ పనితనం బాగా తెలుస్తుంది. అమ్మ మాటే శాసనమైన డబ్బున్న ఇంట్లో పెరిగిన పిల్ల పల్లెలోని బంధువులింటికి వెళ్తుంది. అక్కడ బావ కృష్ణ ఉంటాడు. ఊరిని ఊళ్లోవాళ్లు కొత్తగా చూడరు, వచ్చిన పిల్ల చూస్తుంది. కథను ఆ పిల్ల కళ్లలోంచి నడిపితే చేలో పని, వంటింటి సందడి కూడా ప్రేమ సన్నివేశాలైపోతాయి. వేరే డైలాగులు అక్కర్లేదు. యద్దనపూడి కలలు అమ్మిందని విమర్శకులు అంటూనే వచ్చారు. ఆమె నవలల్లోని ఆరడుగుల ధనవంతులైన నాయకుల విషయంలో ఆ మాట కొంత నిజమే. కానీ ‘మీనా’లో డబ్బు అమ్మ పక్షాన ఉంది, అమ్మాయి మనసు పల్లె పక్షాన. విజయనిర్మల తెలుగులో తొలిసారి దర్శకత్వం వహించింది ఈ కథకే, 1973లో. 2016లో త్రివిక్రమ్ సినిమా ‘అ ఆ’ కూడా ఈ బాటే పట్టింది.

విడిపోయిన చిన్ననాటి జంటకు రెండో అవకాశం రాకపోతే ఏమవుతుందో ‘దేవదాసు’ చూపించింది. శరత్ నవల 1917లో వచ్చింది, వేదాంతం రాఘవయ్య తెలుగు సినిమా 1953లో. అర్ధరాత్రి చిన్ననాటి నేస్తం పార్వతే గదికి వచ్చి అడిగినా దేవదాసు తేల్చుకోలేకపోయాడు. తీరా అతను ఆమె వాకిటికి చేరేసరికి ప్రాణం మిగల్లేదు. దీనికి సరిగ్గా ఎదురు కథ 2001 నాటి సినిమా ‘మనసంతా నువ్వే’. అందులో అను తన చిన్ననాటి నేస్తం చంటిని వెతకడానికి తమ కథనే పత్రికలో సీరియల్‌గా రాస్తుంది. పోగొట్టుకున్న మనిషికి నవలే ఉత్తరమవడం ముచ్చటైన ఉపాయం. సీరియళ్లు చదివే జనం ఉన్న రోజులవి మరి.

ఇవాళ ఈ మరదలి కథను నగరం అంచునున్న గౌడవెల్లిలో పెడితే చిక్కు మొదలవుతుంది. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే రైలు దారిలో ఆ ఊరికి స్టేషనుంది. 2023లో మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది. సిటీ మరదలు పొద్దున దిగి, అత్త చేతి పప్పన్నం తిని, రాత్రి భోజనానికి ఇంటికి చేరగలదు. సెలవులంతా ఉండిపోవాల్సిన పనే లేదు, స్టేషన్లో కన్నీళ్లకు సమయమూ లేదు. కానీ నగరం అంచు పల్లెల్లో భూముల ధరలు పెరిగాక అన్నాచెల్లెళ్ల మధ్య వాటాల పేచీ మాత్రం కొత్త బలం పుంజుకుంది. మీనా తల్లి లాంటి పాత్రకు ఇప్పుడు హోదా బడాయి అక్కర్లేదు. అన్న సంతకం పెట్టని ఒక్క కాగితం చాలు.