నెత్తురు చూడని సూది

అలర్జీ క్లినిక్‌లో ప్రిక్ టెస్ట్ చేసే నర్సు చేతిని ఒకసారి దగ్గరగా చూడాలి. రోగి ముంజేతి లోపలివైపు పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు పక్కన ఒక్కో చుక్క వేస్తుంది: డస్ట్ మైట్, బొద్దింక, సర్కారు తుమ్మ పుప్పొడి, వయ్యారిభామ పుప్పొడి. చుక్కకూ చుక్కకూ కనీసం రెండు సెంటీమీటర్ల ఎడం. తర్వాత మిల్లీమీటరు మొన ఉన్న లాన్సెట్‌ను చుక్క మీదుగా చర్మంలోకి దించి తీస్తుంది, చుక్కచుక్కకూ కొత్తది. నెత్తురు కనబడిందంటే పోటు లోతుగా పడినట్టే. నెత్తురు రాకుండా పొడవడమే నాకు నచ్చిన పనితనం.

పడని వస్తువునే కదా ఒంట్లోకి పంపుతున్నది! చర్మంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ వదిలితే దోమ కుట్టినట్టు దద్దురు లేస్తుంది. పరీక్షకు కావలసింది అంతే. అదే ఒళ్లంతా జరిగితే గొంతు వాచి, ఊపిరాడక, బీపీ పడిపోతుంది. దాన్నే అనాఫిలాక్సిస్ అంటారు. ప్రిక్ టెస్ట్‌లో ఇది చాలా అరుదు, లోపలికి వెళ్లే మందు అంత కొంచెం మరి. మాంచెస్టర్ డాక్టర్ చార్లెస్ బ్లాక్లీ తన చర్మాన్నే గీరి పుప్పొడి రాసుకున్న సంగతి 1873లో పుస్తకంగా వేశాడు. అనాఫిలాక్సిస్ వస్తే ఆదుకునే అడ్రినలిన్ అప్పటికి లేదు. మొండి ధైర్యమే!

అసలు జాగ్రత్త ఇంట్రాడెర్మల్ పరీక్ష దగ్గర. ఇక్కడ 0.02 నుంచి 0.05 మిల్లీలీటర్ల మందును చర్మం పొరలోకే ఎక్కిస్తారు. అందుకే ప్రిక్ ద్రావణాన్ని వంద నుంచి వెయ్యి రెట్లు పలచన చేస్తారు, ముందుగా ప్రిక్ చేసి చూస్తారు. ఆహార పదార్థాలకైతే ఈ పద్ధతి వాడరు. చర్మ పరీక్షల వల్ల ప్రాణం పోయిన అతి కొద్ది ఘటనల్లో ఎక్కువ భాగం దీనివే.

సూది పట్టకముందు అడిగే ప్రశ్నలూ పనిలో భాగమే. ఆస్తమా అదుపులో లేకపోతే పరీక్ష వాయిదా. బీటా బ్లాకర్ మాత్రలు వేసుకుంటున్నారా? అవి ఉంటే అవసరానికి అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు. సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు దాదాపు వారం ముందే మానాలి, లేకుంటే దద్దురే లేవదు. ఇలాంటి మోసాలను పట్టించేందుకే వరుసలో హిస్టమిన్ చుక్క ఒకటి, ఉప్పునీటి చుక్క ఒకటి ఉంటాయి. మొదటిది ఉబ్బాలి, రెండోది ఉబ్బకూడదు.

పదిహేను, ఇరవై నిమిషాల తర్వాత స్కేలుతో కొలుస్తారు. ఉప్పునీటి చుక్క కన్నా మూడు మిల్లీమీటర్లు ఎక్కువుంటే పాజిటివ్. అంతవరకూ రోగి కుర్చీ వదలకూడదు. పక్క ట్రేలో అడ్రినలిన్ ఆంప్యూల్, సిరంజి సిద్ధం: తేడా వస్తే తొడ బయటివైపు కండలోకి, పెద్దవాళ్లకైతే 0.5 మిల్లీగ్రాముల దాకా. రోజుల తరబడి ఎవరూ విప్పని ఆ ఆంప్యూల్‌ను నర్సు పొద్దున్నే వెలుగుకు ఎత్తి, ఎక్స్‌పైరీ తేదీ చూసి, మళ్లీ అక్కడే పెడుతుంది.