చందమామ: దాచినదెంత, దక్కినదెంత?

1947 జూలైలో మద్రాసున పుట్టి 2013లో ఆగిపోయిన చందమామను మన సండూరు ఇండ్లలో బైండు చేయించి దాచుకొన్నవారు ధన్యులు. అయితే అట్టలు, ప్రకటనలు తీసివేసి కుట్టించినచో మిగిలేది కథల మూటయే, పత్రిక కాదు. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రం లేని చందమామ ఏపాటిది!

పెద్ద లోపం మాత్రం పత్రికదే. 1952 నుండి ఏండ్ల తరబడి సంపాదక భారం మోసిన కొడవటిగంటి కుటుంబరావుగారి పేరు సంపాదకుడుగా అచ్చు కాలేదు. ‘తోకచుక్క’ వంటి ధారావాహికలు వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరూ ఆనాటి పుటలలో కానరాదు. సంచికలన్నిటినీ కంప్యూటరులోనికి ఎక్కించినా ఈ పేర్లు వాటంతట అవి పైకి రావు, ఎరిగినవారు వ్రాసిపెట్టవలసినదే. 1949లో మొదలైన కన్నడ చందమామలో ఆ కథలనే చదివి పెరిగిన మన పిల్లలు, అవి తెలుగున పుట్టినవని ఎరుగకపోతే తప్పు వారిది కాదు.