రాగిరేకు మీద రత్నగంధి

మరియా సిబిల్లా మేరియన్ పేరు చెప్పగానే అందరూ ఆమె సీతాకోకచిలుకల అందాన్నే మెచ్చుకుంటారు. ఆ మెప్పు సగం న్యాయమే అని నాకనిపిస్తుంది.

1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన ఆమెకు బొమ్మ ఇంటి విద్య. తండ్రి మత్తేయుస్ మేరియన్ రాగిరేకుల మీద బొమ్మలు చెక్కడంలో పేరుమోసినవాడు, ప్రచురణకర్త. ఆమెకు మూడేళ్లప్పుడు ఆయన పోయాడు. మారుతండ్రి యాకబ్ మారెల్ ఆమె చేత కుంచె పట్టించాడు. భర్తా చిత్రకారుడే, కూతుళ్లిద్దరూ అదే దారి పట్టారు. ఇంటి విద్యలో ఒక చిక్కుంది. చేయి తొందరగా తిరుగుతుంది గాని, చూపు పెద్దలదే ఉండిపోతుంది. మారెల్ పూలకుండీల బొమ్మల్లో పురుగు ఒక అలంకారం. మేరియన్ పదమూడో ఏటనే పట్టుపురుగుల్ని గమనించడం మొదలుపెట్టింది. తరవాతి ఆమె బొమ్మల్లో గొంగళి, గూడు, రెక్కల పురుగు, అది తినే మొక్క ఒకే పుటలో కనిపిస్తాయి. ఆకులకు పురుగు కొరికిన చిల్లులు కూడా ఉంటాయి. ఆమె సొంత చూపు నాకు ఆ చిల్లుల్లోనే దొరికింది.

1699లో, 52వ ఏట, చిన్నకూతురితో సురినామ్‌కు ఓడెక్కింది. జబ్బుపడి 1701లో తిరిగొచ్చింది. 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడిన ఆమె పుస్తకంలో 60 బొమ్మలున్నాయి. రేకులు చాలావరకు ఇతరులు చెక్కినవే. పుట్టుభాష జర్మన్ అయినా పుస్తకం డచ్చిలో, లాటిన్‌లో వచ్చింది. మొక్కల పేర్లు మాత్రం అక్కడివాళ్లు పిలిచినట్టే ఉంచానని ముందుమాటలో చెప్పుకుంది. పరాయి బడిలో, పరాయి కచేరీలో మన పేర్లు ఎలా మారిపోతాయో ఎరిగిన మనకు ఆ మాట విలువ తెలుస్తుంది.

45వ బొమ్మ చూడండి. మన పెరళ్లలో పూసే రత్నగంధే అది. తమ బిడ్డలు బానిసలు కాకూడదని బానిస స్త్రీలు దాని గింజలతో గర్భం పోగొట్టుకునేవారనీ, ఆ సంగతి వాళ్లే తనకు చెప్పారనీ పక్కన రాసింది. ఆ రాత తీసేసి బొమ్మ ఒక్కటే గోడకు తగిలిస్తే మిగిలేది ఒక ఎర్రపువ్వు, ఒక పురుగు.

అయితే మొక్క పేరు అడిగి రాసుకున్న ఈమె, ఆ స్త్రీల పేర్లు రాయలేదు. తన పనికి బానిసల చాకిరీని తానూ వాడుకుంది. ఇది చెప్పకుండా ఆమెను పొగడటం విమర్శ కాదు. ఆమె బొమ్మల పుస్తకం మీ చేతికి వస్తే, ముందు పక్కనున్న రాత చదవండి, తరవాతే రంగులు చూడండి.